మీకు తెలుసా? లేత రంగు గోడ పసికంటికి ఆనదు

అప్పుడే పుట్టిన బిడ్డకు కాస్త స్పష్టంగా కనిపించేది 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరం వరకే. అంటే, పాలు తాగుతూ చూస్తే అమ్మ మొహం అందేంత. ముచ్చటపడి గోడలకు వేయించిన లేత గులాబీ, లేత నీలం ఆ కళ్లకు దాదాపు ఆనవు. నలుపు తెలుపు బొమ్మలైతే చూపు నిలుస్తుంది. అయిదు రోజులైనా నిండని పిల్లలు సాదా రంగుల కన్నా వీటినే ఎక్కువసేపు చూస్తారని అమెరికన్ మనస్తత్వవేత్త రాబర్ట్ ఫాంట్జ్ 1963లో చూపించారు. రంగులు బాగా తెలిసేసరికి అయిదో నెల వస్తుంది.

ఉయ్యాల పైన బొమ్మలు కడుతున్నారా? ఒకసారి కింద పడుకుని పైకి చూడండి. మనకు చక్కని చిలకలా కనిపించే అట్టబొమ్మ అక్కణ్నుంచి సన్నని గీతే! దాని మొహం కిందికి తిప్పి కట్టండి. బిడ్డ చేతులు, మోకాళ్ల మీద లేవడం మొదలుపెట్టగానే విప్పేయండి, తాడు మెడకు చుట్టుకునే ప్రమాదం ఉంది.