బయటపడితేనే గెలుపు!

రాత్రి తొమ్మిదిన్నర. కంచంలో అన్నం చల్లారిపోతోంది. 'ఎన్నిసార్లు పిలవాలిరా?' వంటింట్లోంచి అమ్మ కేక. 'రెండే నిమిషాలమ్మా... బయటికొచ్చేస్తున్నా' గదిలోంచి పదో తరగతి కొడుకు జవాబు. కుర్చీలోంచి కదలడు, ఫోన్ మీంచి కళ్లు తిప్పడు... మరి బయటికి రావడమేంటి? విసిగిపోయిన నాన్న వెళ్లి ఫోన్ లాగేసుకున్నాడు. అంతే, పిల్లాడి కళ్లలో నీళ్లు! 'మూడు రోజులుగా కూడబెట్టిందంతా పోయింది నాన్నా' అంటాడు. ఏం కూడబెట్టాడు? ఎక్కడ పోయింది? పెద్దవాళ్లకు ఒక్క ముక్క అర్థం కాదు.

ఇలాంటి గొడవ మీ ఇంట్లోనూ జరిగిందా? అయితే మీవాడు ఆడుతున్నది మామూలు తుపాకుల ఆట కాకపోవచ్చు. 'ఎక్స్‌ట్రాక్షన్ షూటర్' అనే రకం అయ్యుండొచ్చు. పేరు కొరుకుడు పడకపోయినా ఆట కిటుకు మాత్రం మనకు కొత్తదేం కాదు.

కబడ్డీ కూత లాంటిదే!

కబడ్డీలో కూతకెళ్లినవాడు అవతలి జట్టులో ముగ్గుర్ని తాకాడనుకోండి. భలే అని చప్పట్లు కొడతాం. కానీ మధ్యగీత దాటి ఇవతలికి వస్తేనే ఆ ముగ్గురూ లెక్క. అడుగు దూరంలో దొరికిపోతే తాకినవాళ్లెవరూ అవుట్ కారు, పైగా వాడే అవుటైపోతాడు. ఈ ఆటా అంతే. విచిత్రమేంటంటే కబడ్డీ కూతను ఇంగ్లిషులో 'రైడ్' అంటారు. ఈ ఆటల్లోనూ ఒక్కో విడత పేరు రైడే.

పబ్‌జీ గురించి తెలియని ఇల్లు ఉండదు కదా. అందులో వంద మంది ఉత్త చేతులతో విమానం నుంచి దూకుతారు. దొరికిన తుపాకీతో కాల్చుకుంటారు. చివరిదాకా మిగిలినవాడు విజేత. చనిపోతే పోయేదేమీ లేదు, మరుసటి ఆటలో మళ్లీ అందరూ సమానమే. ఎక్స్‌ట్రాక్షన్ ఆటలో లెక్క వేరు. ప్రతి ఆటగాడికీ సొంతంగా ఓ గిడ్డంగి ఉంటుంది. యుద్ధానికి బయల్దేరే ముందు అందులోంచి తుపాకీ, తూటాలు, కవచం, కట్లు కట్టుకునే బ్యాండేజీలు తీసి సర్దుకోవాలి. లోపల పాడుబడ్డ ఇళ్లు, బీరువాలు, పెట్టెలు వెతికి దొరికిన విలువైన వస్తువులన్నీ సంచిలో వేసుకోవాలి. అదే పనిమీద ఇతర ఆటగాళ్లూ తిరుగుతుంటారు. కంప్యూటర్ నడిపే కాపలా సైనికులు అదనం. ఇరవై ముప్పై నిమిషాల గడువు. ఈలోగా మ్యాపులో ఉన్న బయటిదారుల్లో ఏదో ఒకదాన్ని చేరి, అక్కడ కొన్ని సెకన్లు ప్రాణం ఉగ్గబట్టుకుని నిలబడితే... తెచ్చిన సరుకంతా సొంతం. గిడ్డంగిలో దాచుకోవచ్చు, ఆటలోని సంతలో అమ్ముకోవచ్చు.

దారిలో చనిపోతే మాత్రం దొరికినవీ, ఇంటినుంచి తీసుకెళ్లినవీ దాదాపు అన్నీ పోయినట్టే. చంపినవాడు ఒక్కొక్కటీ ఏరుకుంటాడు. గడువులోగా దారి చేరలేకపోయినా అంతే సంగతులు. పద్మవ్యూహంలోకి వెళ్లడం అభిమన్యుడికీ తెలుసు, బయటికి రావడం దగ్గరే వచ్చింది చిక్కంతా.

అందుకే ఇక్కడ ఒక్కణ్నీ చంపకుండానే గెలవొచ్చు. పొదల్లో నక్కి, చప్పుడు కాకుండా పాకి, ఓ ఖరీదైన వస్తువు జేబులో వేసుకుని జారుకునే ఆటగాళ్లున్నారు. వాళ్లకు తోటివాళ్లు పెట్టిన పేరు 'ర్యాట్', అంటే ఎలుక. ఎగతాళికి పెట్టిన పేరే అయినా నిండిన సంచితో ఇల్లు చేరేవాళ్లలో ఎలుకలు తక్కువేం కాదు.

రష్యా పట్నం నుంచి మన జేబులోకి

సంపాదించింది మోసుకుని బయటపడాలన్న ఆలోచన 2016లో యుబిసాఫ్ట్ సంస్థ తెచ్చిన 'ది డివిజన్' ఆటలో ఒక భాగంగా కనిపించింది. అందులోని 'డార్క్ జోన్'లో దొరికిన సరుకును హెలికాప్టర్‌కు తగిలించి పంపాలి. దాన్ని పిలిస్తే చుట్టుపక్కల వాళ్లందరికీ తెలిసిపోతుంది, ఎగబడతారు. ఈ రకానికి పేరు తెచ్చింది మాత్రం రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్ సంస్థ బ్యాటిల్‌స్టేట్ గేమ్స్. వాళ్ల 'ఎస్కేప్ ఫ్రమ్ టార్కోవ్' 2017లో పరీక్ష దశలో ఆటగాళ్ల చేతికొచ్చింది. పూర్తిస్థాయిలో విడుదలైంది ఎప్పుడో తెలుసా? 2025 నవంబరులో! అది కంప్యూటర్ ఆట. కాలు విరిగితే కుంటాలి, నొప్పికి మాత్ర వేసుకోవాలి, ఏ కవచానికి ఏ తూటా అన్నది గుర్తుపెట్టుకోవాలి. ఆఖరికి తుపాకీకి బీమా కూడా చేయించుకోవచ్చు. మనం పోయినా దాన్ని వేరేవాళ్లు ఎత్తుకెళ్లకపోతే కొంతకాలానికి తిరిగొస్తుంది.

మొబైల్‌లో 2020 నవంబరులో పబ్‌జీ 'మెట్రో రాయల్' పేరుతో ఇలాంటి ఆటను చేర్చింది. అప్పటికే మనదేశంలో పబ్‌జీ మీద నిషేధం పడి రెండు నెలలైంది. టెన్సెంట్ వాళ్ల 'అరీనా బ్రేకౌట్' 2022లో చైనాలో, 2023లో ఇతర దేశాల్లో వచ్చింది. 2025 ఏప్రిల్‌లో 'డెల్టా ఫోర్స్' మొబైల్ వెర్షన్ కూడా ఈ వరసలో చేరింది.

పోగొట్టుకుంటే ఎందుకంత బాధ?

గోలీలాటలో పందెం కాసి, సాయంత్రానికి జేబు ఖాళీ చేసుకుని ఇంటికొచ్చిన రోజు నాన్నలకు గుర్తుండే ఉంటుంది. గాజు గోలీ ఖరీదు ఎంతని? అయినా ఆ రాత్రి నిద్ర పట్టదు. తెరమీద తుపాకీ కూడా అంతే. దాని కోసం పెట్టిన సమయం నిజం, భయం నిజం. అందుకే 'అది ఉత్తదే కదరా' అన్న మాట పిల్లల్ని ఊరడించదు, ఇంకాస్త మండిస్తుంది.

దీన్ని ఆర్థికశాస్త్రం ఎప్పుడో పట్టుకుంది. డేనియల్ కానెమన్, ఆమోస్ ట్వర్‌స్కీ అనే శాస్త్రవేత్తలు 1979లో ఓ సిద్ధాంతం ప్రకటించారు. వంద రూపాయలు దొరికితే కలిగే ఆనందం కన్నా అదే వంద పోతే కలిగే బాధ ఎక్కువ అన్నది అందులో ఓ ముఖ్యమైన సంగతి. కానెమన్‌కు 2002లో నోబెల్ వచ్చింది. 1990లో ఆయన, మరో ఇద్దరు కలిసి విద్యార్థులకు కాఫీ కప్పులు పంచి చేసిన ప్రయోగం మరీ సరదా. చేతికొచ్చి కాసేపే అయినా, కప్పు అమ్మాలంటే వాళ్లు చెప్పిన ధర కొనేవాళ్లు ఇస్తామన్నదానికి దాదాపు రెట్టింపు! 'నాది' అనుకున్నాక వస్తువు విలువ పెరిగిపోతుందన్నమాట.

ఈ ఆటలు నిలబడింది ఆ బలహీనత మీదే. మంచి తుపాకీ సంపాదించినవాడు దాన్ని బయటికి తీయడానికే జంకుతాడు. పెళ్లికి తప్ప పట్టుచీర కట్టని మన అమ్మల్లాగా! ఈ జంకుకు ఆటగాళ్లు 'గేర్ ఫియర్' అని పేరు కూడా పెట్టుకున్నారు. పోగొట్టుకున్నవాడు 'ఇంకొక్క రైడ్, పోయింది రాబట్టేస్తా' అంటూ మళ్లీ దిగుతాడు. పేకాటలో కూర్చున్నవాళ్ల నోట ఈ మాట ఎన్నిసార్లు వినలేదు! పెద్దలు కాస్త కంగారుపడాల్సింది తుపాకుల గురించి కాదు, ఈ 'ఇంకొక్కటి' గురించే.

డబ్బు ఎక్కడ దూరుతుందంటే...

చచ్చినా పోని చిన్న పెట్టె ఒకటి ఇలాంటి చాలా ఆటల్లో ఉంటుంది. అందులో దాచింది ఎవరూ దోచుకోలేరు. సహజంగానే అందరికీ పెద్ద పెట్టె కావాలి. టార్కోవ్‌లో ఎక్కువ ధరపెట్టి ఆట కొన్నవారికి పెట్టె కూడా పెద్దది. 2024 ఏప్రిల్‌లో ఆ సంస్థ ఏకంగా 250 డాలర్ల ఎడిషన్ తెస్తే ఆటగాళ్లు భగ్గుమన్నారు, సంస్థ అధిపతి క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. మొబైల్ ఆటలు ఉచితంగానే డౌన్‌లోడ్ అవుతాయి. ఖర్చంతా తరవాత... వేషాలు, తుపాకీ రంగులు, సీజన్ పాస్‌లు అంటూ. కాబట్టి ప్లేస్టోర్‌లో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా సెట్టింగ్ మార్చుకోవాలి. యూపీఐ పిన్ పిల్లలకు చెప్పకూడదు. చౌకగా ఆట డబ్బు ఇస్తామంటూ అకౌంట్ వివరాలు అడిగేవాళ్లనూ నమ్మొద్దు. పందెం ఆటల మీద 2025లో కేంద్రం తెచ్చిన చట్టం గురి ప్రధానంగా డబ్బు పెట్టి డబ్బు ఆశించే వాటిమీదే. వేషాల ఖర్చుకు ఇంట్లోవాళ్లే కాపలా.

ఫోన్ లాక్కునే ముందు...

క్రికెట్ ఆట మధ్యలో 'నీళ్లు తాగొస్తా' అంటే కుదురుతుంది. రైడ్‌ను ఆపి పక్కన పెట్టడం కుదరదు. మధ్యలో వదిలేస్తే పాత్ర అక్కడే దిక్కులేకుండా నిలబడి ఉంటుంది. కాబట్టి 'అన్నానికి రా' అనేముందు 'రైడ్‌లో ఉన్నావా, లాబీలో ఉన్నావా?' అని అడిగితే సగం గొడవ తప్పుతుంది. లాబీ అంటే రెండు రైడ్ల మధ్య కూర్చునే చోటు. అక్కడ ఉంటే ఏ నష్టమూ లేదు, 'రెండు నిమిషాలు' అన్న మాటా చెల్లదు! గంటల లెక్కకన్నా రైడ్ల లెక్క పెడితే ఇద్దరికీ సులువు. రోజుకు రెండో మూడో, తొమ్మిది దాటాక కొత్తది మొదలుపెట్టకూడదు అని. పబ్‌జీ బదులుగా వచ్చిన బీజీఎంఐ 2023లో తిరిగొచ్చినప్పుడు 18 ఏళ్లలోపు వారికి రోజుకు 3 గంటలే అని హద్దు పెట్టారు. చదువుకునే పిల్లలకు అదీ ఎక్కువే.

వాయిస్ చాట్ మీద కూడా ఓ చెవి వేయాలి. కొన్నింట్లో దగ్గరికొచ్చిన అపరిచితులతో నేరుగా మాట్లాడొచ్చు. 'కాల్చకన్నా, కలిసి వెళ్దాం' అనేవాడు నిజంగా సాయం చేయొచ్చు, వీపులో కాల్చనూ వచ్చు. ఆటలో అయితే పోయేది సంచి. పేరు, బడి, ఊరు మాత్రం చెప్పకూడదని పిల్లలకు ముందే చెప్పాలి. ఆట కోసం నిద్ర, చదువు, తిండి, స్నేహితులు అన్నీ వదిలేసి, అది నెలల తరబడి సాగుతుంటే అప్పుడు డాక్టర్ని కలవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 'గేమింగ్ డిజార్డర్'ను జబ్బుల జాబితాలో చేర్చింది, 2022 జనవరి నుంచి అది అమల్లో ఉంది. సాధారణంగా ఏడాది పాటు లక్షణాలు ఉంటేనే ఆ పేరు పెడతారు. అన్నట్టు, ఒక్క పూట ఏడ్చినంత మాత్రాన అది జబ్బు కాదు.

ఇంతకీ ఆ గిడ్డంగి శాశ్వతమా అంటే, కొన్ని ఆటల్లో అదీ లేదు. సీజన్ మారగానే ఉన్నవాడిదీ లేనివాడిదీ మొత్తం తుడిచేస్తారు. దాన్ని 'వైప్' అంటారు. ఆఖరి రోజుల్లో చూడాలి తమాషా! ఎలాగూ పోయేదే కదా అని, నెలల తరబడి ముట్టుకోకుండా దాచిన ఖరీదైన తుపాకులన్నీ బయటికొస్తాయి. పొదల్లో నక్కే ఎలుకలు కూడా నడిరోడ్డు మీద నిలబడి కాలుస్తాయి. మర్నాటి నుంచి మళ్లీ అందరిదీ దాదాపు ఖాళీ గిడ్డంగే.