పాత కంప్యూటరా, పాత వీడియో గేమా?

గృహమునకు వచ్చు ప్రతివస్తువును ఎవరికొరకో యొకరికొరకు వచ్చును. రుబ్బురోలు ఎవరికొరకు వచ్చినదో, సైకిలు ఎవరికొరకు వచ్చినదో విచారించువారు లేరు. అది ముందే నిశ్చయమైనట్లు తోచును. కంప్యూటరు విషయమునను ఇట్లే జరిగినది. దాని ఫలమును లోకము నలువదియేండ్లుగా ననుభవించుచున్నది. కావున పాత కంప్యూటరు కొనవలయునా, పాత వీడియో గేము కొనవలయునా యను ప్రశ్న పిల్లల ముచ్చటవలె కానవచ్చినను, గృహిణులు స్వయముగా నాలోచింపదగినదని మా యభిప్రాయము.

మేము అమీరుపేట, పంజగుట్టల నడుమ నివసించుచున్నాము. మైత్రీవనము మొదలుకొని వీధిపొడవునను కంప్యూటరువిద్య నేర్పు సంస్థల బోర్డులే. జావా, ఒరాకిల్, పైథాన్ అను పేరులు మా పేటలో కూరగాయల పేరులవలె వినవచ్చును. పల్లెలనుండి వచ్చిన యువతీయువకులు ఇరుకైన హాస్టళ్లలో నుండి ఈ విద్య గడించి దేశాంతరములకు పోవుచున్నారు. 2017వ సంవత్సరము నవంబరులో మెట్రో రైలు అమీరుపేటకును, మరుసటి సంవత్సరము సెప్టెంబరులో పంజగుట్టకును వచ్చిన పిమ్మట ఈ రాకపోకలు మరింత సులభమైనవి. ఇరువదియేండ్ల వయసున రుసుము చెల్లించి నేర్చుకొను విద్యకు పదియేండ్ల వయసున ఇంటనే బీజము వేయవచ్చునా యను చింత ఈ వీధిలో నడచు ప్రతి తల్లికిని కలుగుట సహజము.

గత వేసవిలో మాకీ ప్రశ్న నిజముగనే తటస్థించినది. మా వారు ఉపాధ్యాయులు. ఉద్యోగవిరమణ చేసిన వారి మిత్రు లొకరి యింట, అటకమీద, బి.బి.సి. మైక్రో అను 1980ల నాటి కంప్యూటరు కలదు. మా బంధువు లొకరు జపానునుండి తెచ్చుకొన్న ఫ్యామికామ్ అను నింటెండోవారి వీడియో గేము వారి యింట కలదు. ఇరువురును మాకు తగిన వెలకే యిచ్చెదమనిరి. ఉపాధ్యాయుని జీతములో మిగిలిన సొమ్ము ఒకదానికి మాత్రమే చాలును. తొమ్మిదేండ్ల మా యబ్బాయి వీడియో గేము కావలెననెను. మగపిల్లవాడు నోరు తెరచి యడిగినప్పుడు కొనుటయే లెస్స యని మా యత్తగారనిరి. పండ్రెండేండ్ల మా యమ్మాయిని మాత్రము ఎవరును అడుగలేదు.

మొదట ఈ రెండు వస్తువుల పుట్టుపూర్వములు తెలిసికొందము. మన హైదరాబాదునకు కంప్యూటరు క్రొత్తది కాదు. ఇచ్చట 1967లో స్థాపింపబడిన ఇ.సి.ఐ.ఎల్. సంస్థ 1969లోనే టి.డి.సి.-12 అను కంప్యూటరును నిర్మించినది. ఆ సంస్థవారి ఇ.సి. టీవీలు ఒకప్పుడు ఎన్నో యిండ్లలో నుండెడివి. కాని ఆనాటి కంప్యూటరులు ప్రయోగశాలల సొత్తు. బడిలోను ఇంటిలోను బల్లమీద నుంచుకొనదగిన చిన్న కంప్యూటరులు కొంతకాలమునకు గాని రాలేదు. వానిలో నొకటియైన బి.బి.సి. మైక్రోను ఇంగ్లండునందలి కేంబ్రిడ్జి నగరమున ఏకార్న్ అను సంస్థ 1981 డిసెంబరులో వెలువరించినది. భారత ప్రభుత్వము 1984–85లో క్లాస్ అను పథకమును ప్రారంభించి, తొలుత సుమారు 250 పాఠశాలలకు ఈ కంప్యూటరులనే పంపినది. తరువాత పంజాబునందలి మొహాలీలో సెమికండక్టర్ కాంప్లెక్స్ సంస్థవారు దీనినే యూనికార్న్ అను పేర తయారుచేసిరి.

ఫ్యామికామ్ జపానులో 1983 జూలై 15వ తేదీన వెలువడినది. 1985లో దీనికొరకు వచ్చిన సూపర్ మేరియో బ్రదర్స్ అను ఆట జగత్ప్రసిద్ధము. నానాదేశములలో కలిపి ఈ యంత్రములు ఆరుకోట్లకు పైగా అమ్ముడుపోయినవి. మన దేశమున 1990లలో దీని యనుకరణములు ఊరూర అమ్మిరి. ఆటయుండు ప్లాస్టిక్ పెట్టెను మనవారు క్యాసెట్టు అనిరి. వేసవి సెలవులలో ఆ క్యాసెట్టులను అద్దెకు తెచ్చుకొనుట మా బాల్యమునను ఉండెడిది. అన్నదమ్ములు ఆడి యలసినపిమ్మట దక్కిన పది నిముషములే ఆడపిల్లల వంతు.

చిత్రమైన విషయ మేమన, ఈ రెండును అక్కచెల్లెండ్రవంటివి. 1975లో అమెరికాలో వెలువడిన 6502 అను చవుక చిప్పే బి.బి.సి. మైక్రోకు మెదడు. ఫ్యామికామునందలి చిప్పును ఆ వంశములోనిదే. మొదటిదాని వేగము సెకనునకు ఇరువది లక్షల తాళములు. రెండవదానిది సుమారు పదునెనిమిది లక్షలు. బుద్ధియందు ఇంచుమించు సమానమే. భేదమెల్ల పెంపకమునందే కలదు. బి.బి.సి. మోడల్ బి యంత్రమునకు 32 కిలోబైట్ల జ్ఞాపకమిచ్చి, కీబోర్డు నిచ్చి, బడికి పంపిరి. ఫ్యామికామునకు పని చేసికొనుటకు 2 కిలోబైట్ల జ్ఞాపకమే యిచ్చి, బొమ్మలు కదలించుటకు వేరొక చిప్పు తోడుచేసి, ఆటకు పంపిరి. మొదటిది మనము వ్రాసినది చదువును. రెండవది ఇతరులు వ్రాసినది మనకు చూపును.

ఆటను మేము నిందింపము. వీడియో గేమునకు గల సద్గుణములు కొన్ని కలవు. స్విచ్చి వేసిన తోడనే ఆట సిద్ధము. ఇద్దరు పిల్లలు పక్కపక్కన కూర్చుండి ఆడవచ్చును. తాతగారును చేరవచ్చును. నేటి ఫోనులోని ఆటలవలె నడుమ ప్రకటనలు రావు, సొమ్మడుగవు, రాత్రివేళ పిలువవు. ఆట ముగిసిన ముగిసినదే. కాని ఆంధ్రభారతమునందలి నలోపాఖ్యానమును స్మరింపుడు. నలుడు జూదమాడి రాజ్యము కోల్పోయెను. తరువాత ఋతుపర్ణుడు చెట్టు ఆకులను కాయలను చూచినంతనే లెక్కించి చెప్పగా ఆశ్చర్యపడి, అతనియొద్ద అక్షహృదయమను విద్య గ్రహించి, ఆ జూదముననే రాజ్యమును మరల గెలిచెను. పాచికలు మారలేదు, ఆటలోని లెక్క తెలిసినది. ఆడువానికిని ఆట హృదయమెరిగినవానికిని గల భేదమిదియే.

ఈ హృదయము ఎవరికి తెలియవలెనను దానియందే స్త్రీల కష్టసుఖములు ఇమిడియున్నవి. అమెరికాలో కంప్యూటరు శాస్త్రపు పట్టములు పొందినవారిలో స్త్రీలు 1984 ప్రాంతమున నూటికి సుమారు 37గురు. ఆ సంఖ్య తరువాత తగ్గుచు వచ్చి, 2010 నాటికి ఇరువదికి లోబడినది. వైద్యమునందును న్యాయశాస్త్రమునందును స్త్రీలు పెరుగుచున్న కాలమున ఇచ్చట తగ్గుటకు హేతువేమని పండితులు విచారించిరి. జేన్ మార్గోలిస్, అలన్ ఫిషర్ అనువారు కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున విద్యార్థులను ప్రశ్నించి, 2002లో నొక గ్రంథము ప్రకటించిరి. ఇంటికి వచ్చిన కంప్యూటరును తరచుగా కుమారుని గదిలో నుంచుట, కుమార్తె దానిని దూరమునుండి చూచుట వారు కనుగొన్న కారణములలో నొకటి. వాడు కళాశాలకు తెలిసినవాడుగా వెళ్లెను. ఆమె తెలియనిదానిగా వెళ్లెను. తెలివిలో లోపము కాదు, కుర్చీలో కూర్చుండుటలోనే లోపము.

స్త్రీలకు ఈ విద్య యబ్బదను మాటకు ఈ పాత యంత్రములే సమాధానము చెప్పును. బి.బి.సి. మైక్రోలోని బేసిక్ భాషను రచించినది సోఫీ విల్సన్ అను ఇంజనీరు. ఏకార్న్ సంస్థలోనే ఆమె మరియొక చిప్పునకు ఆజ్ఞలభాష కల్పించినది. ఆ చిప్పు 1985లో పనిచేసినది. దాని సంతతియైన ఆర్మ్ చిప్పులే నేడు మన చేతిలోని ఫోనులలో నున్నవి. ఆటలలోను అంతే. 1982లో అటారీ యంత్రమునకు రివర్ రెయిడ్ అను ప్రసిద్ధమైన ఆటను రచించినది కెరొల్ షా అను స్త్రీ.

ఇవి యన్నియు తలంచి మేము మా యమ్మాయిని పిలిచి అడిగితిమి. "ఆట తమ్ముణ్ణి ఆడుకోనీ అమ్మా. ఆ బొమ్మ ఎట్లా దూకుతుందో నాకెవరైనా చెప్తారా?" యని యది బదులు చెప్పినది. మా వారు మారుమాటాడక మరునాడే మిత్రుని యింటికి వెళ్లి కంప్యూటరు తెచ్చిరి. అబ్బాయి రెండు దినములు అలిగెను. అత్తగారు వానికి బెల్లపు అప్పాలు చేసి పెట్టిరి.

మూడవ దినమున అలుక తీరిన విధము వినుడు. ఆ కంప్యూటరునకు తెలియని మాట వ్రాసినచో "మిస్టేక్" అని చూపును. మన పిల్లలు బడిలో వెరచు ఆ మాటనే యిది కోపము లేక, ఎన్నిసారులైనను, ఒకేతీరున చెప్పును. తమ్ముడు చదువుచుండగా అక్క వ్రాసినది. తప్పు వచ్చినప్పుడు ఇద్దరును వెదకిరి. మొదట పదమూడవ ఎక్కము వ్రాయించిరి. పిమ్మట బొమ్మలకు దిగిరి.

బొమ్మ యనగా నేమో తెలిసినపుడు మాకును విస్మయము కలిగినది. అది మన ముగ్గే. ఎనిమిది చుక్కలు, ఎనిమిది వరుసలు. వరుసలోని చుక్కలకు ఎడమనుండి 128, 64, 32, 16, 8, 4, 2, 1 అని విలువలు. చుక్క నింపినచో ఆ విలువను కలుపవలెను. ఎనిమిదియు నింపిన వరుస 255. రెండు కొనలు మాత్రము నింపినచో 129. కావున 255, ఆరుసారులు 129, మరల 255 అని యిచ్చినచో ఒక డబ్బా ముగ్గు తెరపై నిలుచును. మా యమ్మాయి గళ్ల కాగితముపై నీ విధముగా తెలుగు "అ"కారమును గీచి, ఎనిమిది సంఖ్యలు కూడి, తెరమీద చూపినది. ఆ దినమున మా యత్తగారును కన్నడకము పెట్టుకొని చూచిరి. ఫ్యామికామ్ ఆటలలోని బొమ్మలును ఎనిమిదేసి చుక్కల గళ్లతో కూర్చినవే యని తెలిసినప్పుడు, అబ్బాయి తన మేరియోను తానే గీచుకొనుటకు కాగితము తెచ్చుకొనెను.

ఇట్టి పాతవస్తువులు కొనదలచిన సోదరీమణులు కొన్ని జాగ్రత్తలు పాటింపవలెను. బి.బి.సి. మైక్రోను ఏండ్ల తరబడి మూలనుంచిన పిమ్మట తిన్నగా కరెంటునకు కలుపరాదు. దాని పవర్ సప్లయిలో కొన్ని పాత కెపాసిటరులు పగుళ్లువారి, దుర్గంధముతో పొగ విడుచుట ప్రసిద్ధము. తెలిసిన మెకానిక్కుచేత ముందుగా వానిని మార్పింపవలెను. జపాను యంత్రముల యడాప్టరు 100 వోల్టులకు చేసినది; మన గోడలో 230 వోల్టులు. నేరుగా పెట్టిన మాడిపోవును. క్యాసెట్టు పనిచేయనిచో పిల్లలు నోటితో ఊదుదురు. ఆ తడిచేత లోపలి రేకులు చెడును. దూదిపుల్లతో ఐసోప్రొపైల్ ఆల్కహాలు రాచి తుడుచుట మేలు. బాతులను కాల్చు తుపాకి ఆట పాత గాజు టీవీపైననే పనిచేయును గాని నేటి పలుచని టీవీలపై పనిచేయదు; దానికై సొమ్ము వ్యర్థపరుపవలదు. మా పేటలో కంప్యూటరు నేర్పువారు వీధినిండ కలరు గాని నలువదియేండ్ల యంత్రమును బాగుచేయువారు అరుదు. అందులకు కోఠికో, సికింద్రాబాదునందలి చెనాయ్ ట్రేడ్ సెంటరునకో పోయి విచారింపవలెను.

పాతది దొరకనివారు చింతింప నక్కరలేదు. కళాశాలకు వచ్చు పిల్లలలో నాటి ప్రోగ్రాము వ్రాయు అలవాటు తగ్గిపోయినదని కేంబ్రిడ్జి పండితులు కొందరు యోచించి, 2012లో రాస్ప్‌బెరీ పై అను అరచేతి కంప్యూటరును చవుకగా వెలువరించిరి. 2020లో వచ్చిన 400 అను రకము కీబోర్డులోనే యిమిడియుండును. పాత కంప్యూటరును, పాత ఆటలును దానియందే నడపుకొనవచ్చును.

ఇక ఏది కొనవలెనన్నచో మా మాట యిది. పిల్లల సరసన దినమున కరగంటయైనను కూర్చుండు పెద్దవా రింట నున్నచో కంప్యూటరు కొనుడు. తోడు లేని కంప్యూటరు మరల అటకే యెక్కును. అట్టి తీరిక లేని యింటికి, ఆదివారము అందరును కలిసి నవ్వుకొనుటకు, వీడియో గేమే తగును. దానికి వేళ నియమించిన చాలును. ఏది కొనినను కూటములో నందరి కంటబడుచోట నుంచుడు, ఒకరి గదిలో నుంచకుడు. వంతులు ఏర్పరచుడు. వంతులలో మొదటిది ఆడపిల్లది కానిండు. మీరును ఒక సాయంకాలము ఆ కుర్చీలో కూర్చుండుడు. ముగ్గు వేయనేర్చిన చేతికి ఆ యెనిమిది వరుసలు భారము కావు.