పార్కిన్సన్స్: డాక్టరుకు చెప్పని బాధలు

పార్కిన్సన్స్ అనగానే అందరికీ వణికే చెయ్యే గుర్తొస్తుంది. ఆసుపత్రికి వెళ్తే వేళ్లు ఆడించమంటారు, నాలుగడుగులు నడవమంటారు, మందు మోతాదు సరిచేసి పంపుతారు. మలబద్ధకం, దిగులు, రాత్రిళ్లు నిద్ర పట్టకపోవడం, మూత్రం ఆగకపోవడం మాత్రం ‘వయసు మీద పడింది కదా’ అన్న మాటలో కొట్టుకుపోతాయి. రోగి చెప్పడు, డాక్టరు అడగరు. మనిషిని లోలోపల ఎక్కువగా కుంగదీసేవి చాలాసార్లు ఇవే. ఇటలీలో వెయ్యిమందికి పైగా రోగులను పరిశీలించి 2009లో ప్రచురించిన ప్రియామో అధ్యయనంలో నూటికి 98 మందికి పైగా ఇలాంటి లక్షణం ఒక్కటైనా ఉందని తేలింది.

1817లో ఈ జబ్బును మొదట వివరంగా వర్ణించిన జేమ్స్ పార్కిన్సన్ కూడా నిద్ర చెదరడం, మలబద్ధకం, చొంగ కారడం గురించి రాశారు. తర్వాతివాళ్ల చూపు కదలికల మీదే నిలిచిపోయింది.

డోపమిన్ అనే రసాయనాన్ని తయారుచేసే మెదడు కణాలు నశించడం వల్ల కదలికలు మందగిస్తాయి. అయితే జబ్బు అక్కడితో ఆగదు. ఆల్ఫా సిన్యూక్లిన్ అనే ప్రొటీన్ పేగుల నరాల్లో, వాసన పసిగట్టే భాగంలో, నిద్రను నడిపే చోట కూడా ముద్దకడుతుంది. అందుకే కొందరికి వణుకు మొదలవడానికి ఏళ్ల ముందే పక్కింటి దాకా వెళ్లే ఇంగువ పోపు ఘాటు కూడా తెలియదు. ఇంకొందరు నిద్రలో కేకలు వేస్తూ, కలలో ఎవరితోనో కలబడుతూ పక్కనున్నవాళ్లను తన్నేస్తారు. ఇవి ఉన్నంతమాత్రాన పార్కిన్సన్స్ వచ్చేస్తుందని బెంగపడక్కర్లేదు, వీటికి వేరే కారణాలూ ఉంటాయి.

మంచం మీంచి లేవగానే కళ్లు తిరిగి పడిపోవడాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. కాళ్లు బలహీనపడ్డాయనుకుంటారు గానీ, నిలబడగానే బీపీ పడిపోయి ఉండొచ్చు. పడుకోబెట్టి ఐదు నిమిషాలాగి ఒకసారి, నిలబెట్టి మూడు నిమిషాల్లోపు మరోసారి బీపీ చూడాలి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ తగ్గితే డాక్టరుకు చెప్పి తీరాలి. కూర్చోబెట్టి చూస్తే ఈ తేడా దొరక్కపోవచ్చు.

ఇళ్లలో ఎక్కువ అపార్థం తెచ్చేది నిరాసక్తత. ఒకప్పుడు పేపరు అక్షరం వదలకుండా చదివిన నాన్న రోజంతా కుర్చీలో ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంటే, బద్ధకమని, మొండితనమని విసుక్కుంటాం. ముఖ కండరాలు బిగిసి నవ్వు కూడా బయటికి రాకపోవడంతో ఆ అపార్థం మరింత పెరుగుతుంది. అది ఆయన స్వభావం కాదు, జబ్బు పని. దిగులు కూడా అంతే, దానికి వైద్యం ఉంది.

కొన్ని చిక్కులు మందుల వల్లా వస్తాయి. ప్రమిపెక్సోల్, రోపినిరోల్ వాడే కొందరిలో పేకాట, విపరీతమైన కొనుగోళ్లు, కామవాంఛ అదుపు తప్పుతాయి. సిగ్గుపడి దాచిపెడితే కొంప మునుగుతుంది. లేని మనుషులు కనబడుతున్నారంటే దెయ్యమని భూతవైద్యుడి దగ్గరికి తీసుకెళ్లకండి. అది జబ్బు వల్లా రావచ్చు, మందుల వల్లా రావచ్చు. అలాగని సొంతంగా మందు ఆపొద్దు, ఉన్నట్టుండి ఆపితే ప్రాణం మీదికి రావచ్చు. వాంతులకు మెటోక్లోప్రమైడ్ రాస్తే, పార్కిన్సన్స్ ఉందని చెప్పి మార్పించుకోండి. అది జబ్బు లక్షణాలను పెంచుతుంది.

మలబద్ధకం పట్టించుకోకపోతే పార్కిన్సన్స్‌కు వాడే లెవోడోపా మందు సరిగా ఒంటబట్టకపోవచ్చు. నీళ్లు, పీచు ఉన్న తిండి, రోజూ కాసేపు నడక కావాలి. పప్పు, గుడ్లు, మాంసంలోని ప్రొటీన్ కూడా ఈ మందుకు అడ్డుపడుతుంది కాబట్టి కడుపులో తిప్పకపోతే తిండికి అరగంట ముందే వేసుకోవడం మేలు.

ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్లేముందు, రోగిని ఎక్కువగా బాధిస్తున్న మూడు సంగతులు కాగితం మీద రాయండి. నిద్ర, దిగులు, మలమూత్రాలు, ఏదైనా సరే. రాత్రి పక్కన పడుకునేవాళ్లు కూడా వెంట వెళ్లండి. వణుకు డాక్టరుకు కనిపిస్తుంది, ఇవి మీరు చెబితేనే తెలుస్తాయి.