తెర దిగి నాసా గడపకు

1966లో మొదలైన ‘స్టార్ ట్రెక్’ సీరియల్‌లో లెఫ్టినెంట్ ఉహూరాగా వెలిగిన నిషెల్ నికొల్స్, ఆ కీర్తితోనే హాయిగా కాలం గడపగలిగేవారు. కానీ 1977లో ఆమె నాసా కోసం వ్యోమగాములను వెతికే పనికి పూనుకున్నారు. మహిళలూ నల్లజాతీయులూ దరఖాస్తు చేసుకోవాలంటూ అమెరికా అంతా తిరిగారు. మరుసటి ఏడాది ఎంపికైన 35 మందిలో ఆరుగురు మహిళలు, ముగ్గురు నల్లజాతీయులు. శాలీ రైడ్, గయాన్ బ్లూఫర్డ్ ఆ జట్టువారే.

స్పేస్ షటిల్‌కు ఎలాగూ శాస్త్రవేత్తలు కావాలి, చట్టాలూ మారాయి, నటి లేకపోయినా ఇది జరిగేదేనని ఎవరైనా అనవచ్చు. తలుపు తెరిచింది నాసాయే, నిజమే. అయితే అన్నాళ్లూ ఆ తలుపు మూసి ఉండటమే చూసినవాళ్లు పిలుపును నమ్మాలి కదా! ఆ నమ్మకం ఉత్త ప్రకటనతో రాదు. అంతరిక్ష నౌకలో అధికారిగా కనిపించిన మనిషి అడిగితే వస్తుంది. పైగా ఆమె ఊరికే పేరు అరువివ్వలేదు. అర్హులను తెచ్చాక కూడా ఎంపిక చేయకపోతే ఊరుకోనని నాసాకు ముందే తేల్చి చెప్పానని తర్వాత వివరించారు. నటన కంటే ఈ తెగువే నాకు గొప్పగా తోస్తుంది.