ఒక ఊరి చదువు మఱియొక ఊరికి ఏల లేదు?

ఒకే ప్రభుత్వము క్రింద, ఒకే చట్టముల ననుసరించి పెరిగిన రెండు సీమలయందు చదువు ఇంచుమించు సమానముగా నుండునని తలచుట సహజము. అట్లు జరుగలేదు. బళ్ళారియు, మంగళూరు కేంద్రముగా గల దక్షిణ కన్నడమును పూర్వము మద్రాసు రాజధానిలోనివే. బళ్ళారి 1953 అక్టోబరు 1వ తేదీన మైసూరు రాష్ట్రమున చేరినది. దక్షిణ కన్నడము 1956లో చేరినది. 2011 జనగణనలో దక్షిణ కన్నడ జిల్లాయందు నూటికి 88.57 మంది అక్షరాస్యులుండగా, బళ్ళారి జిల్లాయందు 67.43 మందియే యుండిరి. కర్ణాటక రాష్ట్రపు సగటు 75.36. 2021లో జరుగవలసిన జనగణన వాయిదా పడినందున ఈ లెక్కలే మనకు ఆధారము. నాటి బళ్ళారి జిల్లాలో హొసపేట మొదలగు నేటి విజయనగర జిల్లా తాలూకాలును కలసియుండెను.

మనది బహుభాషల సీమ యగుటచే చదువు వెనుకబడినదని కొందరందురు. ఈ మాట నిలువదు. తుళు, కొంకణి, బ్యారీ, కన్నడము – దక్షిణ కన్నడమున భాషలు మనకంటె తక్కువ కావు. పైగా జనగణనలో ఏడేండ్లు నిండి, ఏ భాషయందైనను అర్థము తెలిసి చదివి వ్రాయగల ప్రతివారును అక్షరాస్యులే. తెలుగు మాత్రమే చదువనేర్చిన మన యింటి అవ్వయు ఆ లెక్కలో చేరినదే. సంపద లేకపోవుటయు కారణము కాదు. సండూరు కొండలలోని ఇనుప ఖనిజము ఓడలకెక్కి దేశాంతరములకు పోయిన దినములలోనే ఈ 67.43 లెక్కకు వచ్చినది. సుప్రీంకోర్టు మన జిల్లాలో గనుల పనిని నిలిపివేసినదియు ఆ 2011వ సంవత్సరమే.

మఱి కారణమేమి? బిడ్డ బడిలో ఎన్ని యేండ్లు నిలిచెననునదే ముఖ్యమని మా అభిప్రాయము. ఇది నేటి మాట కాదు. 1823లో బళ్ళారి కలెక్టరు ఏ.డి. క్యాంబెల్ (1816లో ఆంగ్లమున తెలుగు వ్యాకరణము ప్రకటించిన విద్వాంసుడీయనే) మద్రాసునకు పంపిన నివేదికలో నాటి జిల్లాయందలి 533 బడులను లెక్కించెను. వానిలో కన్నడ బడులు 235, తెలుగు బడులు 226. ఇంచుమించు సరిసమానమైన ఆ రెండంకెలను చూచినపుడు ఈ సీమలో రెండు భాషలును ఇంటి భాషలేయని వేరుగ చెప్పనక్కరలేదు. తొమ్మిది లక్షలకు పైబడిన జనమున బడికి పోవువారు 6,641 మంది మాత్రమే. అందు బాలికలు 60 మంది. చేతికి పని వచ్చిన వెంటనే పేదలు బిడ్డలను బడి మాన్పించుచున్నారనియు, దానికి మూలము దేశపు దారిద్ర్యమనియు ఆయన వ్రాసెను. బిడ్డలు అర్థము తెలియని పద్యములను వల్లించుటయు ఆయనకు నచ్చలేదు.

ఆ అరువది మంది బాలికల లెక్క నేటికిని మనలను విడువలేదు. 2011లో మన జిల్లాయందు పురుషులలో నూటికి 76.64 మంది, స్త్రీలలో 58.09 మంది చదువరులు. దక్షిణ కన్నడమున స్త్రీలు 84.13. మంగళూరున 1880లోనే సెయింట్ అలోషియస్ కళాశాల వెలసినది. 1921లో స్త్రీలకై సెయింట్ ఆగ్నెస్ కళాశాల ఏర్పడినది. బళ్ళారిలో వీరశైవ కళాశాల స్థాపింపబడినది 1945లో. చదివిన తల్లి తన కుమార్తెను బడి మాన్పించుటకు సులభముగ నొప్పుకొనదు. ఆ తల్లులు అచ్చట ఒక తరము ముందుగా తయారైరి.

ఊరి చదువు హెచ్చినచో చదువనివానికేమి లాభమని అడుగవచ్చును. ఎన్రికో మొరెట్టి యను అర్థశాస్త్రజ్ఞుడు 2004లో అమెరికా నగరములను పరిశీలించి, నగరమున పట్టభద్రుల పాలు నూటికొకటి పెరిగినచో హైస్కూలు ముగింపనివారి కూలి ఇంచుమించు నూటికి 1.9 వంతున పెరుగుచున్నదని తేల్చెను. పట్టభద్రుల జీతమో, 0.4 వంతు మాత్రమే. అనగా పొరుగువాని చదువువలన ఎక్కువ మేలు పొందువాడు చదువుకొననివాడే!

మన సీమకు మఱియొక విశేషము కలదు. 2012 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన రాజ్యాంగ సవరణముచే వచ్చిన 371జె అధికరణము బళ్ళారికిని వర్తించును. ఈ ప్రాంతమున పుట్టినవారికి, లేక స్థిరనివాసులకు, కళాశాలలలో స్థానములును ప్రభుత్వోద్యోగములును కేటాయింపబడుచున్నవి. ఇంటి భాష యేదని దానిలో అడుగరు. ఎనిమిదవ తరగతిలో బడి మానిన బిడ్డకు మాత్రము ఆ కేటాయింపువలన కళాశాల తలుపు తెరువబడదు.

మా అనుభవమున పిల్లలు జారిపోవు చోటులు రెండు. మొదటిది మిరపకాయ కోతలు, పత్తి ఏరు దినములు, ఇంటిలో జీన్సు కుట్టుపని ఒత్తిడిగానుండు వారములు. "నాలుగు దినములే కదా" అని ఆపిన బిడ్డ తిరిగి వచ్చునప్పటికి లెక్కల పాఠము ముందుకు పోయియుండును. సిగ్గుపడి వెనుక బెంచీ చేరును, పిదప రాదు. రెండవది ప్రాథమిక విద్య ముగిసి పైతరగతులకు పోవు మలుపు. మాతృభాషలో బోధనకు వసతి కల్పింపవలెనను 350ఎ అధికరణము ప్రాథమిక దశకే పరిమితము. తరువాత కన్నడములోనో ఆంగ్లములోనో చదువవలసిన బిడ్డ తడబడుట తెలివితక్కువవలన కాదు. నాలుగవ తరగతినుండియే కన్నడ వాచకమును ఇంట బిగ్గరగా చదివించిన బిడ్డలు ఆ మలుపును ఎక్కువ శ్రమ లేకయే దాటుట మేము చూచుచున్నాము. అందుకై తెలుగు మానిపింపనక్కరలేదు.

సంఖ్యను గూర్చి ఒక మాట. 1949లో రాష్ట్రముల విద్యామంత్రుల సమావేశము అల్పసంఖ్యాకుల భాషలో బోధించు ఉపాధ్యాయుని నియమించుటకు తరగతికి 10 మంది గాని, బడి మొత్తమునకు 40 మంది గాని ఉండవలెనని ఒక కొలత పెట్టెను. తెలుగు తరగతి నిలుచుట నేటికిని ఇట్టి లెక్కలపైననే ఆధారపడియున్నది. పదునొకండుగురున్న తరగతిలో ఇద్దరిని మిరప కోతకు మాన్పించినచో మిగిలినవారు తొమ్మండుగురు.