ముధోల్ పిల్ల అంటున్నారు సరే, కాగితం ఏదీ?

కోత అయిన చేలో గొర్రెల మంద నిలపడం మీద వీడియో పెట్టినాక, ఎరువు గురించి కంటే మంద దగ్గర పడుకున్న కుక్క గురించే ఎక్కువమంది అడిగినారు. మా మైలవరం, జమ్మలమడుగు తట్టు అడివిపందుల పోరు పడలేక చేని కాపలాకు కుక్కలు కొనేవాళ్లు పెరిగినారు. ఫోన్లో ఫొటో చూసి వేలకు వేలు పంపిస్తున్నారు. నడుము సన్నగా, కాళ్లు పొడుగ్గా ఉంటే ముధోల్ అంటారు, తెల్లగా ఉంటే రాజపాళయం. పెరిగినాక చూస్తే ఏదీ కాదు. అందుకే ధర తర్వాత, ముందు కాగితం చూడాల.

ఆ కాగితం ఎట్లా పుడుతుందంటే: ఒక్కో నగరంలో ఒక్కో కెనైన్ క్లబ్బు ఉంటుంది. క్లబ్బులు దేనికవే నడుస్తాయి, కానీ జాతి పుస్తకం ఎవరికి వారు రాసుకోరు. చెన్నైలో ఉన్న కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా కింద అనుబంధంగా చేరి, దాని రూల్స్ ప్రకారమే షోలు పెడతాయి. తల్లీ తండ్రీ ఇద్దరూ పుస్తకంలో ఉంటే, ఆ ఈతలో పుట్టిన పిల్లల్ని అందులోనే ఎక్కిస్తారు. పిల్లకు మైక్రోచిప్ వేస్తారు. ఆ నంబరు, కాగితంలో నంబరు ఒకటే కావాల. మైసూరులో పుట్టిన పిల్ల అవ్వాతాతల పేర్లు కడపలో కూర్చుని చూసుకోవచ్చంటే అన్ని క్లబ్బులూ ఒకే పుస్తకం వాడబట్టే.

పుస్తకాలు రెండైతే ఏమవుతుందో ముధోల్‌నే చూడండి. కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా దీన్ని కారవాన్ హౌండ్ అని రాస్తుంది. ఇండియన్ నేషనల్ కెన్నెల్ క్లబ్ అనే ఇంకో సంస్థ ముధోల్ హౌండ్ అంటుంది. కుక్క ఒకటే. ఇవి రెండు జాతులని చెప్పి రెండు రేట్లు పెట్టేవాళ్లకు ఇంకేం కావాల?

ప్రభుత్వ లెక్క వేరే. మన ఒంగోలు, పుంగనూరు ఆవుల్ని నమోదు చేసిన కర్నాల్ పశు జన్యు వనరుల బ్యూరోనే కుక్కల్నీ నమోదు చేస్తుంది. కుక్కల్లో ముందు ఎక్కినవి మూడు: రాజపాళయం, చిప్పిపారై, ముధోల్. ముధోల్ వెనక వాళ్ల రాష్ట్ర పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది. బాగల్‌కోట్ జిల్లా తిమ్మాపూర్‌లో దీనికోసమే పరిశోధన కేంద్రం నడుపుతోంది.

ఆ మూడింట్లో మన జోనంగి లేదు. కొల్లేరు చుట్టుపక్కల బాతుల మందల్ని తోలిన కుక్క అది. పొట్టి వెంట్రుకలు, నుదుట ముడతలు. మామూలు కుక్కలాగా మొరగదు, రాగం తీసినట్టు అరుస్తుంది. నేల తవ్వి గుంటలో పడుకుంటుంది. చేపల చెరువులు వచ్చినాక బాతుల మందలు తగ్గినాయి, దానికి పనీ పోయింది. సాకేవాళ్లు అక్కడొకరు ఇక్కడొకరు మిగిలినారు. ఏ కుక్కకు ఏ కుక్క పుట్టిందో అందరూ ఒకేచోట రాయకపోతే దగ్గర చుట్టరికంలోనే కట్టిస్తారు, లేదంటే ఊరకుక్కతో కలిసిపోతుంది. ముధోల్‌కు విశ్వవిద్యాలయం నిలబడినట్టు జోనంగికి మనవాళ్లు ఎందుకు నిలబడరో నాకైతే అర్థం కాదు.

కొనేవాళ్లకు రెండు మాటలు. 2017 నిబంధనల ప్రకారం రెండు నెలలు నిండని పిల్లను అమ్మకూడదు, పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో రిజిస్టర్ అయ్యుండాల. ఇంకోటి, కుక్క కాపలాకే. పంది మీదికి ఉసిగొలిపి వేటాడితే వన్యప్రాణి చట్టం కింద కేసు అవుతుంది, కుక్క పొట్ట చీలినా చీలుతుంది. చిప్ నంబరు ఎట్లా చదవాలో కింది వీడియోలో చూపించినాను.