చేపను గుర్తించడం ఎలా? పేరు, ఆకారం, ఆవాసం

డెల్టా గ్రామాల్లో వరి పొలం, పంట కాలువ, చేపల చెరువు ఒకే నీటితో ముడిపడి ఉంటాయి. వరదల కాలంలో ఒకదానిలోని చేప మరొకదానిలోకి సులభంగా చేరుతుంది. అందువల్ల చేప జాతిని సరిగా గుర్తించడం మత్స్యశాస్త్ర విద్యార్థులకు మాత్రమే పరిమితమైన విషయం కాదు. పంటల సలహాకై గ్రామానికి వెళ్ళే ప్రతి విస్తరణ శాస్త్రవేత్తకూ ఈ పరిజ్ఞానం అవసరం.

స్థానిక నామమే తొలి ఆధారం

ప్యాట్రిక్ రస్సెల్ విశాఖపట్నం వద్ద సేకరించిన 200 చేపల చిత్రాలు, వర్ణనలతో 1803లో ఒక గ్రంథాన్ని వెలువరించాడు. అందులో స్థానికులు వాడే పేర్లను కూడా నమోదు చేశాడు. మన కానాగంత శాస్త్రీయ నామమైన ‘రాస్ట్రెల్లిజర్ కనగుర్తా’లో ఈ తీరపు పేరే నిలిచి ఉంది. అయితే స్థానిక నామం ఒక్కటే చాలదు. రోహును ఒకచోట శీలావతి అనీ, మరొకచోట రాగండి అనీ అంటారు. జెల్ల అనే పేరు మీసాలు గల అనేక జాతులకు వర్తిస్తుంది. కాబట్టి పేరును శరీర లక్షణాలతోనూ, ఆవాసంతోనూ సరిచూడాలి.

మంచినీటి చేపలు

లీటరుకు 0.5 గ్రాముల కంటే తక్కువ లవణం గల నీటిని మంచినీరుగా పరిగణిస్తారు. ఈ నీటిలో పెరిగే మూడు ప్రధాన జాతులను నోటిని బట్టి గుర్తించవచ్చు. బొచ్చెకు తల పెద్దది, నోరు పైకి తిరిగి ఉంటుంది, మీసాలుండవు. ఇది పై పొరలో మేత తింటుంది. శీలావతి పెదవుల అంచు కుచ్చువలె చీలి ఉంటుంది. ఇది మధ్య పొరలో మేస్తుంది. ఎర్రమోసు మూతి మొద్దుబారి, నోరు కొంత కిందికి ఉండి, అడుగు మేతకు అనువుగా అమరి ఉంటుంది. ఈ మూడింటిని ఒకే చెరువులో కలిపి పెంచడానికి ఈ తేడాయే పునాది.

మార్పు, ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్

అత్యంత జాగ్రత్త అవసరమైన సందర్భం ఇది. వరి పొలాల్లో, బురద గుంటల్లో జీవించే దేశవాళీ మార్పునూ, ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌నూ చూడగానే వేరుచేయడం కష్టం. రెండింటికీ పొలుసులుండవు, నాలుగు జతల మీసాలుంటాయి, రెండూ గాలిని నేరుగా పీల్చగలవు. ఆఫ్రికన్ జాతి మీటరుకు మించి పెరుగుతుంది, స్థానిక చేపలను విచ్చలవిడిగా తింటుంది. భారత ప్రభుత్వం దీని పెంపకాన్ని 2000లో నిషేధించింది.

తేడా తెలియాలంటే తలను పైనుంచి పరిశీలించాలి. మార్పులో తల వెనుక ఎముక అంచు గుండ్రంగా వంపు తిరిగి ఉంటుంది. ఆఫ్రికన్ జాతిలో అది కోణాలు దేరి ఉంటుంది. పిల్ల దశలో ఈ పరీక్ష కష్టం. కనుక రైతు పిల్లలను ఎక్కడ కొన్నాడో తప్పక విచారించాలి.

ఉప్పు కయ్యలు, వలస చేపలు

నదీముఖాల్లోనూ ఉప్పు కయ్యల్లోనూ లవణం రుతువునుబట్టి మారుతుంది. పండుగప్ప, పాలబొంత, కట్టిపరిగె ఈ మార్పును తట్టుకొంటాయి. పండుగప్ప మంచినీటిలోనూ పెరుగుతుంది గాని, గుడ్లు పెట్టడానికి ఉప్పునీటికి చేరుతుంది. ఇది మొదట మగ చేపగా ఎదిగి, తరువాత ఆడ చేపగా మారుతుంది. కొల్లేరు వంటి మంచినీటి సరస్సులోకి దీని పిల్లలు సహజంగా రావాలంటే ఉప్పుటేరు వంటి దారి తెరిచి ఉండాలి.

పులసది దీనికి విరుద్ధమైన ప్రయాణం. సముద్రంలో పెరిగి, వానాకాలపు వరదలో గోదావరికి ఎదురీది గుడ్లు పెడుతుంది. సముద్రంలో దొరికినప్పుడు దీనినే విలస అంటారు. దగ్గరి జాతి చేపలను పులసగా అమ్మే అవకాశం ఉన్నందున మొప్పలను తెరిచి చూడాలి. మొప్ప విల్లుపై దువ్వెన పళ్ళవంటి నిర్మాణాలు పులసలో సన్నగా, చాలా దట్టంగా ఉంటాయి.

సముద్రపు చేపలు

సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణం ఉంటుంది. చందువ శరీరం పక్కలనుంచి నొక్కినట్లు బల్లపరుపుగా ఉంటుంది, దానికి పొట్ట రెక్కలుండవు. వంజరానికీ కానాగంతకూ తోక వైపు చిన్న చిన్న రెక్కల వరుస ఉంటుంది. వంజరానికి పదునైన దంతాలుంటాయి. కానాగంత నోరు తెరిస్తే ప్లవకాలను వడగట్టే మొప్ప దువ్వెనలు కనిపిస్తాయి.

క్షేత్రంలో నమోదు

చేప దొరికిన చోటు, తేదీ, నీటి లవణత, వల రకం, చేప పొడవు, స్థానిక నామం వెంటనే రాసుకోవాలి. పక్కనుంచి ఒక ఛాయాచిత్రం, మీసాల చేపలకు తలపై నుంచి మరొకటి, కొలబద్దతో సహా తీయాలి. జాతి నిర్ధారణ కాని చేపను తిరిగి కాలువలోకి వదలరాదు. చెరువులోని తప్పును ఎండగట్టి దిద్దుకోవచ్చు. కాలువలో చేరిన పరాయి జాతిని ఏరివేయడం దాదాపు అసాధ్యం.